మనిషికీ మనిషికీ మధ్య మాట: మా దిక్కు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు డిగ్రీ కాలేజీల్లో, మహిళా సంఘాల మీటింగుల్లో మాటతీరు గురించి మాట్లాడినప్పుడు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలివి. ఈ విషయం మీద పరిశోధకులు ఏం చెప్పారో రాశాను, అది మన ఇండ్లల్లో ఎట్లా కనిపిస్తుందో కూడా రాశాను. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీకు అవసరమైన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి. అయితే అన్ని జవాబుల్లోనూ నాకు గట్టిగా అనిపించే సంగతి ఒకటి కనిపిస్తుంది. మన ఇండ్లల్లో తిట్టుకోవడం వల్ల దూరమైన వాళ్ళ కన్నా, అడగకుండా ఎవరికి వాళ్ళు ఊహించుకోవడం వల్ల దూరమైన వాళ్ళే ఎక్కువ.

మాట్లాడటం అందరికీ వచ్చిందే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది?

మాట్లాడటం వస్తుంది. మనం అన్నది అవతలి మనిషికి మనం అనుకున్నట్టే చేరిందా అని చూసుకోవడం మాత్రం చాలామందికి అలవాటు లేదు.

అమెరికా ఇంజనీరు క్లాడ్ షానన్ 1948లో ఒక సందేశం తీగల మీద ఎట్లా ప్రయాణిస్తుందో లెక్కకట్టి చూపించాడు. పంపేవాడు, సందేశం, అది పోయే దారి, దారిలో కలిసే రొద, అందుకునేవాడు. యంత్రాల కోసం గీసిన ఈ పటాన్నే తర్వాత మనుషుల మాటలకూ వాడుకున్నారు. మనుషుల విషయంలో రొద అంటే పక్క గదిలో మోగే టీవీ ఒక్కటే అనుకోవద్దు. కట్టాల్సిన అప్పు గురించిన టెన్షన్, పోయినేడు పెండ్లిలో జరిగిన అవమానం, "వీడు ఎప్పుడైనా ఇంతే" అని ముందే వేసుకున్న ముద్ర, ఇవన్నీ రొదే. మాట బయలుదేరినప్పుడు బాగానే ఉంటుంది, చేరేటప్పటికి వేరే అర్థమై కూర్చుంటుంది.

ఇంకో విషయం నాకు దీనికన్నా ముఖ్యమనిపిస్తుంది. పాల్ వాట్జ్‌లావిక్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1967లో చెప్పిన సంగతి అది. మనం అనే ప్రతి మాటలో రెండు ఉంటాయి: చెప్పే విషయం, మన మధ్య ఉన్న సంబంధం. "ఇంకా వంట కాలేదా?" అని భర్త అడిగాడనుకోండి. విషయం చూస్తే టైమ్ గురించి. సంబంధం చూస్తే అది అధికారం కావచ్చు, "అలిసిపోయినట్టున్నవు, నేనేమైనా చేయాల్నా" అన్న ఆరాటం కావచ్చు. ఏదన్నది గొంతు చెబుతుంది, ముఖం చెబుతుంది, నిన్నటిదాకా ఆ ఇంట్లో నడిచిన తీరు చెబుతుంది. చాలా గొడవల్లో దెబ్బ తగిలేది ఈ రెండోదానికి. వాదన మాత్రం మొదటిదాని మీద నడుస్తుంటుంది: "నేనన్న దాంట్ల తప్పేమున్నది? వంటైందా అనే గదా అడిగిన!" ఇట్లా ఎంతసేపు వాదించినా తెగదు, ఎందుకంటే బాధపడ్డ మనిషి ఆ ప్రశ్నకు బాధపడలేదు.

సప్పుడు చేయకుండా ఉంటే గొడవ పెరగదు కదా. అది మంచిది కాదా?

కొంతసేపు మంచిదే. కోపం నషాళానికి ఎక్కినప్పుడు నోరు మూసుకోవడం వల్ల ఎన్నో ఇండ్లు నిలబడ్డాయి.

కానీ మౌనం కూడా ఒక మాటే. వాట్జ్‌లావిక్ బృందం చెప్పిన ఇంకో సూత్రం ఇదే: మనుషుల మధ్య ఏమీ చెప్పకుండా ఉండటమనేది కుదరదు. మీరు మూతి ముడుచుకొని పక్కకు తిరిగితే అవతలివాళ్ళు దానికి ఒక అర్థం ఇచ్చుకుంటారు. చాలాసార్లు అది మీరు అనుకున్న దానికన్నా చెడ్డ అర్థమై ఉంటుంది. అందుకని మౌనంగా ఉండాలనుకుంటే ఆ సంగతి చెప్పి ఉండండి. "ఇప్పుడు నాకు బాగా కోపంగున్నది. పొద్దుమీకి మాట్లాడుకుందాం" అంటే చాలు. చెప్పిన టైముకు మాట్లాడటం మాత్రం తప్పనిసరి. అట్లా రెండుసార్లు తప్పితే మూడోసారి మీ మాట ఎవరూ నమ్మరు.

మాటలకు 7 శాతమే విలువ, మిగతా 93 శాతం గొంతు, హావభావాలదే అంటారు. నిజమేనా?

కాదు. పర్సనాలిటీ క్లాసుల్లో దీన్ని అందరూ చెబుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో చేసిన రెండు ప్రయోగాల్లోంచి 7, 38, 55 అనే అంకెలు వచ్చాయి. విడి విడి మాటలను రకరకాల గొంతుల్లో పలికించి, ముఖాల ఫోటోలు చూపించి, మాట్లాడే మనిషికి ఎదుటివాళ్ళ మీద ఇష్టం ఉందా లేదా అన్నది వినేవాళ్ళు దేన్నిబట్టి తేల్చుకుంటారో ఆయన చూశాడు. ఇష్టాయిష్టాల గురించి చెప్పేటప్పుడు తప్ప ఈ అంకెలు ఇంకెక్కడా వర్తించవని ఆయనే చెప్పాడు. "బస్సు ఆరింటికి దేవరకొండలో బయలుదేరుతుంది" అన్న మాటలో 93 శాతం ముఖంలో ఉండదు.

ఇందులోంచి పనికొచ్చేది ఒకటి ఉంది. మాట ఒకటి చెప్పి ముఖం ఇంకొకటి చెబితే మనం ముఖాన్నే నమ్ముతాం. "నాకేం బాధలేదు, పోయి రా" అంటూ కండ్లనిండా నీళ్ళు పెట్టుకున్న తల్లిని చూసి పండుగకు ఉండిపోయిన కొడుకుకు ఇది ఎవరూ నేర్పలేదు.

వినడమంటే ఏం చేయాలి? చెవులు ఉన్నాయి కదా, వింటూనే ఉన్నాం.

దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మాట్లాడటం కన్నా ఇది కష్టం.

కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1957లో చురుకుగా వినడం గురించి రాశారు. వాళ్ళు చెప్పింది క్లుప్తంగా ఇది: అవతలి మనిషి మాట పూర్తికాకముందే సలహా ఇవ్వొద్దు, తీర్పు చెప్పొద్దు. వాళ్ళు అన్న విషయాన్నీ, దాని వెనుక ఉన్న బాధనూ రెండూ పట్టుకోండి. పట్టుకున్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గానే అర్థమైందా అని అడగండి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇంటర్ పాసైన అమ్మాయికి హైదరాబాద్ కాలేజీలో సీటొచ్చింది. అడ్వాన్సు కట్టారు. ఇంక నాలుగు రోజుల్లో పోవాలనగా ఆమె అంటుంది:

"నాయినా, నేను హైదరాబాద్ పోను. ఈడనే నల్గొండల చదువుకుంట."

సాధారణంగా వచ్చే జవాబు: "పైసలు కట్టినంక ఇప్పుడు చెప్తవా? నీకు అన్నీ ఆటలైనయ్." అమ్మాయి లోపలికి పోతుంది. రాత్రి అన్నం తినదు. సంగతేమిటో ఎవరికీ తెలియదు.

ఇంకో జవాబు: "పోవుడు ఇష్టమైతలేదా బిడ్డా? మొన్నటిదాంక మంచిగనే ఉన్నవు గదా, ఏమైందో జెర చెప్పు."

"ఏం కాలే."

"సరే. నువ్వెప్పుడు చెప్తే అప్పుడు ఇంట."

కొంచెంసేపు ఆగితే అసలు మాట బయటికొస్తుంది: "అమ్మకు పానం బాగుంటలేదు. నువ్వు బాయికాడికి పోతవ్. నేను పోతే ఇంట్ల అమ్మను ఎవరు చూస్తరు?"

"అంటే, నీకు చదువుడు ఇష్టమే, అమ్మ గురించే బుగులు పెట్టుకున్నవ్. అంతేనా?"

"అంతే నాయినా."

ఇప్పుడు మాట్లాడుకోవాల్సింది సీటు గురించి కాదని తేలిపోయింది. అమ్మ ఆరోగ్యం గురించి, ఎవరు ఎప్పుడు దగ్గరుంటారన్న దాని గురించి. తండ్రి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. విని, విన్నది తిరిగి చెప్పాడు. చాలామంది పెద్దవాళ్ళకు ఉండే భయం ఏమిటంటే, వింటే ఒప్పుకున్నట్టవుతుందని. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. పూర్తిగా విన్న తర్వాత "వద్దు" అని చెప్పినా పిల్లలు దాన్ని తీసుకునే తీరు వేరుగా ఉంటుంది.

విన్నది ఉన్నదున్నట్టు అప్పజెప్పడం మాత్రం చేయొద్దు. అట్లా చేస్తే ఎక్కిరించినట్టే ఉంటుంది.

కోపమొచ్చినప్పుడు ఎట్లా చెప్పాలి?

అమెరికాలో తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చిన థామస్ గోర్డన్ "నువ్వు"తో మొదలయ్యే ఆరోపణలకు బదులు "నాకు"తో మొదలయ్యే వాక్యాలు వాడమన్నాడు. మార్షల్ రోజెన్‌బర్గ్ అనే ఇంకో మనస్తత్వవేత్త ఇట్లాంటి మాటతీరునే నాలుగు మెట్లుగా చెప్పాడు: కంటికి కనిపించింది చెప్పడం, మనకేమనిపించిందో చెప్పడం, మనకేం అవసరమో చెప్పడం, ఏం చేయమంటున్నామో అడగడం.

మన దగ్గర అన్నదమ్ములిద్దరికీ ఒకే బోరు ఉన్న చోట జరిగే లొల్లి తీసుకుందాం. వంతుల ప్రకారం నీళ్ళు పారించుకోవాలి. తమ్ముడు మామూలుగా ఇట్లా అంటాడు:

"నువ్వెప్పుడు చూసినా నా వంతు నీళ్ళు కొట్టుకుంటవ్. మొదటిసంది నీ బుద్ధే గంత." ఇందులో "ఎప్పుడు చూసినా" అన్నది అబద్ధం. అన్న దాన్నే వెంటనే పట్టుకుంటాడు: "మొన్న నీకు ఇయ్యలేదా?" "నీ బుద్ధే గంత" అన్నాక ఆయనకు తన పరువు కాపాడుకోవడం తప్ప వేరే పని ఉండదు.

అదే సంగతి ఇట్లా చెప్పొచ్చు: "అన్నా, నిన్న రాత్రి నా వంతు. పొద్దుగాల పోయి చూస్తే మోటరు నీ మడిల నడుస్తున్నది. నారు ఎండుతదేమోనని నాకు బుగులైతున్నది. ఈ వారం వంతులు కూసొని రాసుకుందామా?" ఇందులో అన్న కాదనగలిగింది ఏమీ లేదు. జవాబు చెప్పాల్సిన ప్రశ్న కూడా ఒకటి ఉంది.

ఈ నాలుగు మెట్లను పాఠంలాగా అప్పజెబితే కృత్రిమంగా ఉంటుందని చాలామంది అంటారు, నిజమే. "నేను అభద్రతకు లోనవుతున్నాను" అని ఏ తమ్ముడూ అనడు. మీ ఇంటి మాటల్లోనే చెప్పండి. బుగులు, రంది, పరేషాన్, నారాజ్, మనసుకు కష్టమైంది: లోపలి సంగతి చెప్పడానికి మనకు మాటలు తక్కువేం లేవు.

భార్యాభర్తలు రోజూ కొట్లాడుకుంటే ఆ కాపురం నిలవదా?

కొట్లాట ఉందా లేదా అన్నదాన్నిబట్టి తేలదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాలపాటు జంటలను కూర్చోబెట్టి, వాళ్ళు వాదించుకునే తీరును రికార్డు చేసి చూశాడు. బంధాన్ని తినేసేవి నాలుగని ఆయన తేల్చాడు. చేసిన పనిని కాక మనిషినే తప్పుపట్టడం ఒకటి. ఏమన్నా వెంటనే తనను తాను సమర్థించుకోవడం రెండు. గోడలాగా బిగుసుకుపోయి జవాబివ్వకపోవడం మూడు. నాలుగోది చులకన. విడిపోతారా లేదా అన్నదాన్ని అన్నిటికన్నా బాగా చెప్పేది ఈ చులకనే అంటాడాయన.

చులకన మన ఇండ్లల్లో మామూలుగా నవ్వు వేషంలో వస్తుంది. నలుగురి ముందు "దీనికేం తెల్వదు, అడగకుర్రి" అనడం. పుట్టింటివాళ్ళ గురించి వెక్కిరింపు. భర్త సంపాదన మీద ఆడిబిడ్డ ముందు వేసే జోకు. అన్నవాళ్ళు నవ్వులాట అనుకుంటారు, పడ్డవాళ్ళు ఏండ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. మీ ఇంట్లో మానుకోగలిగింది ఒక్కటే అయితే దీన్నే మానుకోమంటాను.

నిలకడగా ఉన్న జంటలు గొడవ పడేటప్పుడు కూడా ఒక కటువు మాటకు ఐదు మెత్తని మాటలో చేతలో ఉండేవని గాట్‌మన్ లెక్క. తల ఊపడం, "అది నిజమే" అనడం, నవ్వడం, చేయి మీద చేయి వేయడం, అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటున్నప్పుడు మనిషి వినే స్థితిలో ఉండడనీ, కనీసం 20 నిమిషాలు పక్కకు పోయి రమ్మనీ ఆయన సలహా. ఆ 20 నిమిషాలు మనసులో మాటలకు పదును పెట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. పశువులకు నీళ్ళు పెట్టండి, దుకాణందాకా నడిచి రండి.

మా ఆయన పుణెలో పని చేస్తాడు. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో మాటలైపోతాయి. ఏం మాట్లాడాలో తెలియదు.

పాలమూరు దిక్కు ఈ ప్రశ్న రాని ఊరు లేదు. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణెకు పోయేవాళ్ళు తరాలుగా ఉన్నారు. అంతకుముందు నుంచే మేస్త్రీల వెంట గుంపులుగా పోయి దేశమంతా డ్యాములు, కాలువలు కట్టినవాళ్ళను పాలమూరు లేబర్ అన్నారు. అప్పట్లో ఉత్తరం రాయించుకోవాలన్నా చదివించుకోవాలన్నా ఇంకొకరు కావాలి, లోపలి మాట రాసే వీలే లేదు. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది. మాటలు మాత్రం పాత ఉత్తరంలోవే మిగిలిపోయాయి: "మంచిగున్నరా? మంచిగనే ఉన్నం. పైసలు అందినయా? అందినయ్. ఉంట మరి."

దీనికి కారణం ప్రేమ లేకపోవడం కాదు. మన దగ్గర ప్రేమ పనిలో కనిపిస్తుంది. పక్కపక్కనే ఉన్నప్పుడు ఎండలో నుంచి వచ్చిన మనిషికి చెంబెడు నీళ్ళు ఇస్తే అందులో అన్నీ ఉంటాయి. బతుకమ్మకు చీర తెస్తే నోటితో చెప్పాల్సిన పని ఉండదు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నీళ్ళిచ్చే వీలు లేదు. ఆ పని మాటే చేయాలి. మనకు ఆ అలవాటు లేదు కాబట్టి మొదట సిగ్గుగా ఉంటుంది.

చేయదగ్గవి కొన్ని చెబుతాను. "ఎట్లున్నవ్" అని అడిగితే "మంచిగున్న" అనే వస్తుంది. అందుకని చిన్నదాని గురించి అడగండి: "ఇయ్యాల స్లాబ్ పని అయిపోయిందా? రూముల ఇంకెవరుంటున్నరు? మోకాలు నొప్పి అంటివి, ఎట్లున్నది?" మీరు కూడా చిన్నవే చెప్పండి. చిన్నోడికి పాలపండ్లు ఊడినయ్, పక్కింటోళ్ళ బర్రె ఈనింది, మొన్న వానకు ఇంటి వెనుక గోడ తడిసింది. ఇవి విన్న మనిషికి తాను ఇంట్లోనే ఉన్నట్టుంటుంది. ఇంటికి సంబంధించిన నిర్ణయాల్లో ఆయన మాట అడగండి. నిర్ణయం మీరే తీసుకున్నా సరే, అడిగారన్న సంగతి మిగులుతుంది. పైసల ముచ్చటకు ఒక రోజు పెట్టుకోండి. ప్రతి ఫోనులో అదే వస్తే, ఫోన్ మోగినప్పుడల్లా ఆయన గుండె ఝల్లుమంటుంది.

అక్కడున్న ఆయనకు కూడా ఒక మాట. ఇంటికి పంపే డబ్బు మీ కష్టం. దానితో పాటు మీ కష్టం గురించి కూడా కొంచెం చెప్పండి. "నాకేం తక్కువ లేదు" అని ఎప్పుడూ అంటే ఇంట్లోవాళ్ళు నిజంగానే నమ్ముతారు. తర్వాత ఒకరోజు "నా బాధ వీళ్ళకు పట్టదు" అని మీకే అనిపిస్తుంది. పట్టకపోవడం కాదు, తెలియకపోవడం. ఇట్లా తెలియకుండా ఉండిపోయిన ఇండ్లే నన్ను ఎక్కువ బాధపెడతాయి.

ఏం కావాలో నోరు తెరిచి అడిగితే చిన్నతనం కాదా? ప్రేమ ఉంటే వాళ్ళకే తెలియాలి కదా?

తెలియాలి అని అనుకుంటూ ఏండ్లు గడిపేవాళ్ళున్నారు. దగ్గరివాళ్ళకు మన మనసు తెలిసిపోతుందన్న నమ్మకం మనకు ఎక్కువ, అది చాలాసార్లు తప్పుతుంది.

అడగడానికి ఎంత బలముందో మన పాత నల్గొండ జిల్లాలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. సాయుధ పోరాటంతో ఊర్లు అట్టుడికిన రోజులవి. ఆయన దళితవాడకు పోయి మీకేం కావాలని అడిగారు. వాళ్ళు గోడు చెప్పుకొని ఊరుకోలేదు, తమ 40 కుటుంబాలకు 80 ఎకరాలు కావాలని లెక్క చెప్పారు. వినోబా అదే ప్రశ్నను ఊరివాళ్ళ ముందు పెట్టారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా మొదలైంది. భూమి సమస్య అంతటితో తీరిపోయిందని నేననడం లేదు. ఒక స్పష్టమైన ప్రశ్న, దానికి స్పష్టమైన జవాబు, ఆ జవాబును వినగలిగే మనిషి, ఈ మూడూ ఒకచోట కలిస్తే ఏం జరుగుతుందో చూడమంటున్నాను.

ఇంట్లో కూడా అంతే. "నన్నెవరు పట్టించుకుంటరు?" అన్నది గోడు. "ఆదివారం నాతోటి దవాఖానకు రా" అన్నది అడగడం. మొదటిదానికి ఎవరూ ఏమీ చేయలేరు.

అత్తాకోడళ్ళ మధ్య, యారాండ్ల మధ్య మాట పట్టింపులు ఎట్లా తగ్గుతాయి?

మధ్యలో మోసే మనిషిని తగ్గిస్తే సగం తగ్గుతాయి. "అత్త గిట్లన్నది", "కోడలు గట్లన్నది" అని భర్త ద్వారానో ఆడిబిడ్డ ద్వారానో చేరే మాటలో గొంతు ఉండదు, సందర్భం ఉండదు. విన్నప్పుడు ముందు నేరుగా అడగండి: "అత్తమ్మా, నేను వండింది బాగలేదన్నవంట. ఉప్పెక్కువైందా?" చాలాసార్లు అంత మాట ఎవరూ అని ఉండరు. భర్తలు చేయాల్సింది ఒకటుంది. ఇద్దరి దగ్గరా తలూపి తప్పించుకోవద్దు.

పిల్లలు గురుకులం హాస్టల్లో ఉన్నారు. ఫోన్లో మార్కులు తప్ప ఏం అడగాలి?

మార్కులు చివర అడగండి. స్నేహితుల పేర్లు తెలుసుకొని వాళ్ళ గురించి అడగండి. పిల్లలు ఏదైనా సంతోషంగా చెప్పినప్పుడు మీరెట్లా స్పందిస్తారన్నది ఇంకా ముఖ్యం. షెల్లీ గేబుల్ అనే మనస్తత్వవేత్త 2004లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. మంచి వార్త చెప్పినప్పుడు అవతలివాళ్ళు ఉత్సాహంగా వివరాలు అడిగితే బంధం గట్టిపడుతుంది. "ఊ, మంచిది" అని వదిలేస్తే గట్టిపడదు. "నాయినా, నన్ను కబడ్డీ టీమ్‌ల తీసుకున్నరు" అంటే "చదువు సంగతేంది" అనకండి. "ఏ ప్లేస్ల ఆడుతున్నవ్? ఎవరు సెలెక్ట్ చేసిన్రు?" అని అడగండి. సంతోషం చెప్పుకున్న చోటనే పిల్లలు రేపు కష్టం కూడా చెప్పుకుంటారు.

హైదరాబాద్‌లో మా యాస విని నవ్వుతారు. అందుకే నలుగురిలో మాట్లాడబుద్ధి కాదు.

నవ్వేవాళ్ళది తప్పు. మీరు నోరు మూసుకుంటే నష్టం మాత్రం మీకే. తెలంగాణలో కవులు లేనేలేరని ఒకాయన రాసినప్పుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి తిట్టు రాయలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు సేకరించి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. చులకనకు అంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు.

రోజువారీ విషయానికొస్తే, ఇంటర్వ్యూలోనో ఆఫీసులోనో అందరికీ తెలిసిన మాటలు వాడటం అవసరం, అది నేర్చుకుంటే వస్తుంది. ఇంట్లో, స్నేహితుల్లో మీ మాట మీదే. చిన్నప్పటినుంచి తల్లిదండ్రులను "నువ్వు" అని పిలిచిన మనిషి వాళ్ళను తక్కువ చేసినట్టు కాదు. పట్నం నుంచి వచ్చిన కోడలికో అల్లుడికో అది వింతగా ఉంటే వాళ్ళకు నెమ్మదిగా చెప్పండి. అట్లాగే ఎదుటివాళ్ళు "మీరు" కోరుకుంటే ఇవ్వండి. మరియాద తీసుకునేవాళ్ళకు ఎట్లా చేరుతుందన్నది చూసుకోవాలి.

దేవరకొండ, చందంపేట తండాల పిల్లల దగ్గర ఈ కష్టం రెట్టింపు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. వాళ్ళు వెంటనే జవాబివ్వకపోతే తెలివి లేదనుకోవద్దని టీచర్లను చేతులెత్తి అడుగుతున్నాను. ఇంకో పది సెకన్లు ఆగండి.

వాట్సాప్‌లో గొడవలు ఎక్కువైతున్నయ్. ఏం చేయాలి?

రాసిన దాంట్లో గొంతు ఉండదు. కోపం, డబ్బు, భూమి, ఆరోగ్యం, ఈ నాలుగింటి గురించి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. ఇంటి గ్రూపులో ఎవరినీ నిలదీయకండి, నలభై మంది ముందు తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం. నీలం టిక్కులు పడ్డా జవాబు రాలేదంటే అలిగారని కాదు, బహుశా పత్తి ఏరుతుండొచ్చు.

గెట్టు పంచాయితీ తర్వాత అన్నతో ఏండ్ల నుంచి మాటల్లేవు. మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలి?

మనకు దసరా ఉంది. పాలపిట్టను చూసి, జమ్మి తెచ్చుకొని, "బంగారం" అని ఆకు చేతిలో పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కుతాం, అలాయ్ బలాయ్ తీసుకుంటాం. ఆ రోజు గడప తొక్కినవాళ్ళను ఎందుకొచ్చినవని అడగరు. మొదటి మాట ఎవరు అనాలన్న చిక్కును పండుగే తీర్చేస్తుంది. దాన్ని వాడుకోండి.

ఆ రోజే గెట్టు సంగతి ఎత్తకండి. ముందు రాకపోకలు నిలబడనివ్వండి. తర్వాత మాట్లాడేటప్పుడు మీ వైపు తప్పు ఎంతుంటే అంత చెప్పండి: "ఆ రోజు వదినె ముందట నిన్ను అనరాని మాట అన్న. అది తప్పే." ఇక్కడ ఆపేయండి. "కానీ నువ్వు కూడా..." అని కలిపితే అన్నదంతా పోతుంది. భూమి కొలతలు సర్వేయర్‌కు వదిలేయండి. మాటకూ హద్దురాయికీ ముడిపెట్టినంత కాలం రెండూ తేలవు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1938లో మొదలుపెట్టి కొన్ని వందల మంది జీవితాలను ముసలితనందాకా గమనించారు. యాభై ఏండ్ల వయసులో తమ బంధాల్లో తృప్తిగా ఉన్నవాళ్ళే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని వాళ్ళు చూశారు. ముందుగా అంచనా వేయడంలో కొలెస్ట్రాల్ కన్నా ఇదే బాగా పనిచేసింది. అన్నతో మాట కలపడం మీ ఒంటికి కూడా మేలు.

ఇవన్నీ చేసినా మారకపోతే? కొట్టేవాళ్ళతో ఏం మాట్లాడాలి?

కొట్టడం, బెదిరించడం, ఇంట్లోంచి బయటికి పోనివ్వకపోవడం, తాగి వచ్చి హింసించడం మాటతీరు సమస్యలు కావు. "నువ్వు నెమ్మదిగా మాట్లాడితే ఆయన కొట్టడు" అని ఏ ఆడపిల్లకూ చెప్పకండి. నేను పైన రాసిందేదీ అట్లాంటి ఇంటికి వర్తించదు. అక్కడ ముందు కావాల్సింది భద్రత.

ప్రమాదం ఎదురుగా ఉంటే 112. మహిళలకు 181. పిల్లల కోసం 1098. పెద్దవయసు వాళ్ళను ఇంట్లో సరిగ్గా చూడకపోతే 14567. మనసు కుంగిపోయి ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416, ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా కేంద్రాల్లో, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది.

పెద్దమనుషుల దగ్గర కూర్చోవాలా, కౌన్సెలర్ దగ్గరికి పోవాలా అని కూడా అడుగుతారు. హింస లేని గొడవకు ఊరి పెద్దలు పనికొస్తారు, ఇద్దరి మాటా సమానంగా వింటారన్న నమ్మకం ఉంటే. ఆడమనిషిని వెనుక నిలబెట్టి మగవాళ్ళే తేల్చే చోటైతే ఆ గుంపులో కూర్చోకండి. సఖి కేంద్రానికి పోయేటప్పుడు ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, మీరేం కోరుకుంటున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసుకొని పోండి. రాయడం రాకపోతే నమ్మకమున్న మనిషితో రాయించుకోండి, లేదంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆధార్ జిరాక్స్, దవాఖాన చీటీలు ఉంటే వెంట తీసుకెళ్ళండి. ఏ కాగితం లేకపోయినా ఆగకుండా పోండి.